దూరవిద్య ప్రవేశం, ఉపకారవేతనం: సర్కారు కాగితాల సేవపై ఒక సమీక్ష

ఏటా రెండుసార్లు, జనవరి-ఫిబ్రవరి ప్రవేశాలప్పుడూ జూలై-ఆగస్టు ప్రవేశాలప్పుడూ, మా డిగ్రీ కళాశాలలో నడిచే దూరవిద్య స్టడీ సెంటర్ వరండాలో బల్ల వేసుకుని కూర్చోవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. పాఠం చెప్పడం ఆదివారాల పని. ఆ బల్ల దగ్గర జరిగేది అంతా కాగితాల పని. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది ఏదో ఒక విశ్వవిద్యాలయాన్నో కోర్సునో కాదు. దూరవిద్యలో చేరదలచిన మనిషికి, ఆ కోర్సుకు గుర్తింపు ఉందని, చేరుతున్నది ఆ మనిషేనని, సహాయం రావలసి ఉంటే వస్తుందని తేల్చిచెప్పడానికి ప్రభుత్వం నడుపుతున్న దరఖాస్తుల, గుర్తింపు సంఖ్యల, ధ్రువపత్రాల వ్యవస్థను. దీన్ని దుకాణంలో డబ్బు పెట్టి కొనుక్కోకపోయినా, ఒక రోజు కూలి పోగొట్టుకుని, నెట్ సెంటర్‌లో రుసుము కట్టి, బస్సు ఛార్జీలు పెట్టుకుని వాడుకుంటున్నారు కనుక ఇది కూడా మంచీ చెడూ చెప్పదగిన సేవేనని నేను అనుకుంటున్నాను.

ముందుగా విద్యార్థి కంటికి కనబడని భాగం చెప్పాలి, ఎందుకంటే ఈ సేవలో బాగా కట్టిన భాగం అదే. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2020 సెప్టెంబరు 4న ప్రకటించిన నిబంధనలు సార్వత్రిక, దూరవిద్య కోర్సులనూ ఆన్‌లైన్ కోర్సులనూ ఒకే గొడుగు కిందికి తెచ్చాయి. అంతకుముందు దూరవిద్యకు 2017 నాటివి, ఆన్‌లైన్‌కు 2018 నాటివి వేరువేరుగా ఉండేవి. వీటి ప్రకారం ఒక సాధారణ విశ్వవిద్యాలయం దూరవిద్య కోర్సు పెట్టాలంటే ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను తూచే న్యాక్ మదింపులో 4కు కనీసం 3.01 తెచ్చుకోవడమో, కేంద్రం ప్రకటించే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాల వరుసలో తొలి 100లో నిలవడమో జరగాలి. ప్రతి కోర్సుకూ, అది ఎవరి కోసం, ఏమి నేర్పుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఎవరు బోధిస్తారు అన్న వివరాలతో ప్రోగ్రామ్ ప్రాజెక్ట్ రిపోర్టు రాసి తన పాలకమండళ్ల ఆమోదం పొందాలి. విద్యార్థి తనంతట తాను చదువుకోగలిగేలా రాసిన స్వయం అభ్యసన సామగ్రి సిద్ధంగా ఉండాలి. నాణ్యతను లోపలి నుంచి చూసుకునే ఒక కేంద్రం ఉండాలి. ఇవన్నీ నిజమేనని ప్రమాణపత్రం ఇవ్వాలి, కోర్సుల అనుమతి పత్రాలనూ ప్రవేశాల వివరాలనూ తన వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి.

ఈ కాగితాల మోత గురించి విశ్వవిద్యాలయాల దూరవిద్య విభాగాల్లో పనిచేసేవారు గొణుక్కోవడం నేను విన్నాను. ఒక్కో కోర్సు నివేదికే చిన్నపాటి పుస్తకమంత అవుతుందని వారి బాధ. ఆ బాధలో నిజం ఉంది. అయితే, అందులో ఉన్న ఒక లెక్క మాత్రం నాకు ఎంతో నచ్చుతుంది. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి 30 గంటల చదువు. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్ రాయడం, కాంటాక్ట్ క్లాసుకు రావడం అన్నీ అందులో లెక్కకు వస్తాయి. మార్కుల్లో 70 శాతానికి తగ్గకుండా చివరి పరీక్షకు, 30 శాతానికి మించకుండా అసైన్‌మెంట్లవంటి వాటికి కేటాయించాలని కూడా నిబంధన ఉంది. అంటే, పగలు పనికి వెళ్లి రాత్రి చదువుకునే మనిషి శ్రమను గంటల్లో కొలవడం ప్రభుత్వానికి చేతనవునని ఇక్కడ రుజువవుతున్నది. ఈ మాట ఎందుకు గుర్తుపెట్టుకోమంటున్నానో ఉపకారవేతనాల దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకు వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాదులోనే, 1982 ఆగస్టు 26న, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో మొదలైంది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ (ఇగ్నో) తొలి ఉపకులపతి అయ్యారు. ఆ తొలి రోజుల్లో బడి చదువు పూర్తి కానివారిని కూడా ఒక అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి తీసుకునేవారు. చేర్చుకోవడమే లక్ష్యంగా ఉన్న కాలం అది. ఆ తర్వాత దూరవిద్యను పర్యవేక్షించడానికి ఇగ్నోలోనే 1991లో దూరవిద్యా మండలిని పెట్టారు. ఇగ్నో స్వయంగా దూరవిద్య కోర్సులు నడుపుతున్న సంస్థ. తోటి సంస్థలకు అనుమతులిచ్చే మండలి కూడా దాని గొడుగు కిందే ఉండటం అంత సబబు కాదని ఎవరికైనా తోస్తుంది. 2013లో ఆ మండలిని రద్దు చేసి, ఆ బాధ్యతను యూజీసీలోని దూరవిద్యా విభాగానికి అప్పగించారు. మన వాళ్లు డీఈబీ అని పిలిచేది దాన్నే.

ఈలోగా జరిగిన నష్టం మాత్రం చిన్నది కాదు. దూరవిద్యలో ఇంజినీరింగ్ పట్టాలు ఇచ్చిన కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాల విషయంలో 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2001 నుంచి 2005 వరకు చేరినవారి పట్టాలను నిలుపుదల చేసి, సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ ఆధ్వర్యంలో పరీక్ష రాసి నెగ్గితేనే అవి చెల్లుతాయన్నది. ఆ తర్వాత చేరినవారి పట్టాలను రద్దే చేసింది. పదేళ్ల కిందట చేతికొచ్చిన పట్టా ఉన్నట్టుండి చిత్తుకాగితమైతే ఉద్యోగంలో ఉన్న మనిషి పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. నేను కళ్లారా చూసిన ఒక ఉదంతం అంత పెద్దది కాదుగానీ, జాతి ఒకటే. మా పట్టణంలో మందుల దుకాణం పైన ఒక గదిలో వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయం బోర్డు పెట్టి ప్రవేశాలు ఇచ్చేవారు. అక్కడ మూడేళ్లు ఫీజులు కట్టిన ఒక కుర్రాడు, ఉద్యోగానికి ధ్రువపత్రాల పరిశీలన జరిగిన రోజున తన పట్టా చెల్లదని తెలుసుకుని, మళ్లీ మొదటి సంవత్సరం దరఖాస్తు కోసం మా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ గదికి అప్పటికే తాళం పడింది.

ఇప్పటి నిబంధనల్లో ఆ గది లాంటివాటికి చోటు లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయం తన రాష్ట్రం దాటి స్టడీ సెంటర్లు పెట్టకూడదు. ఫ్రాంచైజీ పద్ధతిలో ఎవరికీ సెంటర్ అప్పగించకూడదు. ఇంజినీరింగ్, వైద్యం, దంతవైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఆర్కిటెక్చర్, వ్యవసాయం, న్యాయశాస్త్రం వంటివి దూరవిద్యలో చెప్పకూడదు. పీహెచ్‌డీ అసలే ఇవ్వకూడదు. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, పోషకాహార శాస్త్రం వంటి ఆరోగ్య సంబంధమైన కోర్సులూ ఆ వరుసలో చేరాయి. ఏ విశ్వవిద్యాలయానికి ఏ కోర్సుకు ఏ ఏడాది వరకు అనుమతి ఉందో డీఈబీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఆ పట్టిక తెరిచి చూపించడానికి నాకు పట్టేది రెండు నిమిషాలు. ఈ రెండు నిమిషాల కోసమైతే విశ్వవిద్యాలయాలు మోసే ఆ కాగితాల బరువంతా తగినదేనని నేను నిస్సంకోచంగా చెబుతాను.

ఇక విద్యార్థి చేతికి వచ్చే కాగితం దగ్గరికి వద్దాం. 2024 నుంచి దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ చేరే ప్రతి భారతీయ విద్యార్థీ డీఈబీ ఐడీ తీసుకోవాలి. విదేశీ విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉంది. డీఈబీ ఐడీ రావాలంటే ముందు ఏబీసీ ఐడీ ఉండాలి. ఏబీసీ అంటే 2021 జూలైలో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను బ్యాంకు ఖాతాలో డబ్బులా దాచిపెట్టే పద్ధతి. దాని సంఖ్య 12 అంకెలది, ఇప్పుడు అపార్ అన్న పేరుతో బడిపిల్లలకు కూడా ఇస్తున్నారు. ఏబీసీ ఐడీ కావాలంటే, ధ్రువపత్రాలను ఆన్‌లైన్‌లో దాచుకునే ప్రభుత్వ సేవ డిజీలాకర్‌లో ఖాతా ఉండాలి. డిజీలాకర్‌కు ఆధార్ ఉండాలి. ఆధార్‌కు ముడిపడిన ఫోన్ నంబరు, ఓటీపీ వచ్చే స్థితిలో, ఆ క్షణాన చేతిలో ఉండాలి. మా అమ్మమ్మ చెప్పే కథలో ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలుక ఉన్నట్టు, మా వరండాలో ప్రవేశం ప్రాణమంతా ఆ ఆరంకెల ఓటీపీలో ఉంటుంది.

అన్నీ సరిగా ఉన్నవారికి ఇది చక్కని సేవ. ఇంటర్ పూర్తి చేసి, సొంత ఫోనుతో, ఆధార్‌లో పేరు పది మెమోలో ఉన్నట్టే ఉన్న పిల్లలకు నేను సాయం చేయవలసిన పనే ఉండదు. వాళ్లే వరండా మెట్ల మీద కూర్చుని పావుగంటలో ముగించుకుంటారు. ఒకసారి తీసుకున్న డీఈబీ ఐడీ జీవితాంతం చెల్లుతుంది కనుక, బీఏ తర్వాత ఎంఏలో చేరినా మళ్లీ తీసుకోనక్కరలేదు. ఐడీ లేకుండా చేర్చుకునే అధికారం విశ్వవిద్యాలయానికి లేదు కాబట్టి, మందుల దుకాణం పైగదిలో ఉత్తుత్తి ప్రవేశాలు ఇచ్చేవాళ్లకు మార్గం మూసుకుపోయింది. ఎంతమంది ఎక్కడ చేరారన్న లెక్క విశ్వవిద్యాలయం చెప్పుకున్నదానితో ఆగకుండా ప్రభుత్వం దగ్గర విడిగా ఉంటుంది. ఇవి నిజమైన లాభాలు.

చిక్కు ఎక్కడంటే, దూరవిద్యకు వచ్చేవారిలో అన్నీ సరిగా ఉన్నవారు తక్కువ. అసలు అలా లేనివాళ్ల కోసమే కదా దూరవిద్య పుట్టింది! నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లలో పెళ్లయి పదిహేనేళ్ల తర్వాత మళ్లీ చదువు మొదలుపెట్టే ఆడవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, షాపుల్లో లెక్కలు రాసేవాళ్లు, కానిస్టేబుల్ ఉద్యోగం చేస్తూ పదోన్నతి కోసం డిగ్రీ కావాలనుకునేవాళ్లు ఉంటారు. వీళ్లందరి దగ్గరా ఒకే జబ్బు కనబడుతుంది: పేరు.

తెలుగువాళ్ల పేర్ల సంగతి మనకు మనం చెప్పుకోనక్కరలేదు. ఇంటిపేరు ముందు వస్తుంది. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా రాసి, దాని వెనక పేరు, ఆ వెనక రెడ్డి, రావు, గౌడ్ వంటి మాట ఉంటుంది. ఆధార్ నమోదు నాడు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు ఇంటిపేరును ఒక్క ఇంగ్లీషు అక్షరంగా కుదించి ఉంటాడు, లేదా పేరు చివరకి తోసి ఉంటాడు. లక్ష్మి ఒకచోట ‘ఎక్స్’తో ఉంటే మరోచోట ‘కె, ఎస్, హెచ్’తో ఉంటుంది. పెళ్లయిన స్త్రీకి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు పాసుపుస్తకంలో అసలు ఇంటిపేరే లేని పేరు ఉంటాయి. పుట్టిన తేదీ తెలియని తరం వాళ్లకు జనవరి 1 వేసేశారు. ఈ ముగ్గురూ ఒకే మనిషని ఊళ్లో పాలుపోసే వాడికైనా తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం తెలియదు.

పోయిన ఏడాది ఒక అంగన్‌వాడీ టీచర్, ఆమెకు నలభై దాటి ఉంటాయి, బీఏలో చేరడానికి వచ్చింది. పది మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. ఏ నెట్ సెంటర్ వాడో ఆమెకు ఒక సలహా ఇచ్చాడట: ‘‘అక్కా, ఆధార్‌లో ఉన్నట్టే పెట్టేద్దాం, తర్వాత చూసుకుందాం’’ అని. అలా పెట్టేస్తే ఐడీ అయితే వస్తుంది, పట్టా మీద మాత్రం పది మెమోలో లేని పేరు అచ్చవుతుంది. ‘‘మేడమ్, చిన్నప్పుడు బడిలో నన్ను ఎవరూ పేరు మార్చుకొమ్మనలేదు, పెళ్లప్పుడు కూడా ఎవరూ అడగలేదు, ఇప్పుడు ఇద్దరూ గొడవపడుతున్నారు’’ అన్నది ఆమె నవ్వుతూ. చివరికి ఆధార్‌లో పేరును మెమోలో ఉన్నట్టుగా మార్పించుకుని వచ్చేసరికి గడువు ఇంకా రెండు రోజులే మిగిలింది. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లకు మించి, పుట్టిన తేదీని ఒకసారికి మించి సాధారణంగా మార్చనివ్వరు కనుక, ఆ మార్పు ఎప్పుడు, ఏ పత్రం ఆధారంగా చేయించుకోవాలో ముందే ఆలోచించుకోవాలి. దూరవిద్యలో చేరాలనుకునేవారికి నేను ఇచ్చే మొట్టమొదటి సలహా, ఫీజు ఎంత అని అడగడానికి ముందే పది మెమోనూ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదువుకోమనే. ఈ ఒక్క పనికి యూజీసీ దరఖాస్తులోనే ‘మెమోలో పేరు ఇది, ఆధార్‌లో పేరు ఇది, రెండూ నావే’ అని ఒక గడి పెట్టి, సెంటర్ సమన్వయకర్త ధ్రువీకరిస్తే సరిపోయే ఏర్పాటు ఉండి ఉంటే, వరండాలో సగం వరుస తగ్గిపోయేది.

ఇంతవరకు గుర్తింపు కాగితాలు. లోపాలున్నా, వాటి వెనుక ఒక ఉద్దేశం కనబడుతుంది. సహాయం కాగితాల దగ్గరికి వచ్చేసరికి నా మెచ్చుకోలు ఆగిపోతుంది.

2022 సెప్టెంబరులో యూజీసీ ఒక ప్రకటన ఇచ్చింది: గుర్తింపు పొందిన సంస్థల నుంచి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో తీసుకున్న డిగ్రీలు, రోజూ కాలేజీకి వెళ్లి తీసుకున్న డిగ్రీలతో సమానమని. ఆ కాగితాన్ని మా స్టడీ సెంటర్ గోడకు అతికించాము. అదే గోడ కింద నిలబడి ఒక విద్యార్థి ‘‘మరి స్కాలర్‌షిప్ కూడా సమానమేనా సార్?’’ అని మా సహోద్యోగిని అడిగితే ఆయన దగ్గర జవాబు లేకపోయింది. తెలంగాణలో ఉపకారవేతనాలు ఇచ్చే ఈ-పాస్ పోర్టల్ నిబంధనల్లో సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో, దూరవిద్యలో చేరినవారు అనర్హుల పట్టికలో ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను విద్యా దీవెన పేరుతో నడిపినప్పుడు కూడా కరస్పాండెన్స్, దూరవిద్య విద్యార్థులను పక్కనబెట్టారు. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి కేంద్రం ఏటా కొత్తగా 82,000 మందికి ఇచ్చే ఉపకారవేతనం, డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు, అదీ రెగ్యులర్ కోర్సులవారికే. వీటన్నిటికీ కావలసిన కాగితాల మీద విడిగా సమీక్ష రాయవచ్చుగానీ, మా విద్యార్థుల మటుకు మొదటి గడిలోనే తలుపు మూసుకుంటుంది కనుక అది అనవసరం.

ఇది ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనాలకు కేంద్రం 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కరస్పాండెన్స్ కోర్సులు చదివేవారికి కోర్సు ఫీజుతోపాటు పుస్తకాలకని ఏడాదికి 1,200 రూపాయలు ఇవ్వాలని స్పష్టంగా రాశారు. అంటే, ఇంటి దగ్గర కూర్చుని చదివేవాడికి హాస్టల్ ఖర్చు ఉండకపోయినా పుస్తకం ఖర్చు ఉంటుందన్న ఇంగితం ఆ కాగితం రాసినవారికి ఉంది. మరి రాష్ట్రాల దరఖాస్తుల్లో ఆ మనిషి ఎందుకు మాయమయ్యాడు? నాకు తోచిన కారణం కాగితంలోనే ఉంది. ఉపకారవేతనం దరఖాస్తు మొత్తం కాలేజీకి రోజూ నడిచివచ్చే శరీరాన్ని ఊహించుకుని తయారైంది. హాజరు 75 శాతం ఉండాలి, ప్రిన్సిపాల్ బోనఫైడ్ ఇవ్వాలి, వేలిముద్ర పడాలి, హాస్టలా, ఇంటి నుంచా చెప్పాలి. దూరవిద్య విద్యార్థికి హాజరు పట్టీయే లేదు. లేని హాజరుకు శాతం ఎలా కడతారు? ఎలా కొలవాలో తెలియని మనిషిని కొలవడం కంటే తీసేయడం తేలిక.

ఇలా తీసేయడానికి అధికారులు చెప్పే కారణం కూడా నాకు తెలుసు: దొంగ ప్రవేశాలు చూపించి డబ్బు కాజేస్తారని. ఆ భయం ఒట్టిది కాదు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఇప్పుడు విద్యార్థికి ముఖ గుర్తింపు, సంస్థ నోడల్ అధికారికి వేలిముద్ర పెట్టింది అలాంటి దొంగ దరఖాస్తుల అనుభవంతోనే. కానీ ఆలోచించండి. డీఈబీ ఐడీ వచ్చాక, దూరవిద్య విద్యార్థి ఆధార్‌తో, ఏబీసీతో, విశ్వవిద్యాలయం నమోదుతో మూడు చోట్ల ముడిపడి ఉన్నాడు. అసైన్‌మెంట్ ఇచ్చాడా, పరీక్ష రాశాడా, క్రెడిట్ సంపాదించాడా అన్నది ఏబీసీ ఖాతాలో జమ అవుతుంది. 30 గంటల చదువుకు ఒక క్రెడిట్ అన్న లెక్క ప్రభుత్వమే రాసిపెట్టింది. హాజరు శాతానికి బదులు ‘గత ఏడాది ఇన్ని క్రెడిట్లు’ అని ఒక్క గడి పెడితే రెన్యువల్ తనంతట తానే తేలిపోతుంది. గుర్తింపు కోసం ఇంత పకడ్బందీగా సేకరించిన సమాచారాన్ని సహాయం ఇచ్చే కిటికీ తెరిచి చూడకపోవడమే ఈ సేవలో నాకు కనబడిన అతిపెద్ద లోపం. ఒకే ప్రభుత్వం రెండు బల్లల దగ్గర కూర్చుంది, రెండో బల్ల మొదటి బల్లకేసి చూడదు.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చిందని కాదు. అమెరికాలో 1992లో, కరస్పాండెన్స్ బడుల మోసాలు మితిమీరినప్పుడు, సగానికి మించి కోర్సులు గానీ సగానికి మించి విద్యార్థులు గానీ దూరవిద్యలో ఉన్న సంస్థలకు కేంద్ర విద్యార్థి సహాయం ఆపేశారు. 1998లో కొన్ని సంస్థలను ఎంచి ఆ నియమం సడలించి చూశారు. 2006 నుంచి, గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ కోర్సులకు ఆ అడ్డు తీసేశారు. ఉత్తరాల ద్వారా నడిచే కోర్సులకు మాత్రం పరిమితులు అలాగే ఉంచారు. మోసం జరిగిందని శాశ్వతంగా తలుపు మూయకుండా, ప్రయోగం చేసి, బోధకుడు విద్యార్థితో క్రమం తప్పకుండా మాట్లాడుతున్నాడా లేదా అన్న కొలబద్ద పెట్టుకుని, బరువును సంస్థ మీద ఉంచి తలుపు తెరిచారు. అక్కడి దరఖాస్తుల్లో నాకు నచ్చే ఇంకో సంగతి: 1980లో వచ్చిన కాగితాల భారం తగ్గింపు చట్టం వల్ల, కేంద్ర ప్రభుత్వపు దరఖాస్తు మీద దాన్ని నింపడానికి సుమారుగా ఎంత సమయం పడుతుందో అచ్చువేయాలి, ఒక అనుమతి సంఖ్య కూడా ఉండాలి, ఆ సంఖ్య లేని దరఖాస్తు నింపలేదని ఎవరినీ శిక్షించకూడదు. కొత్త కాగితం పెట్టే ముందు ప్రజల అభిప్రాయం అడగాలి. మన అంగన్‌వాడీ టీచర్ దరఖాస్తు మీద ఆ లెక్క నిజాయితీగా వేస్తే ఎంత సమయమని అచ్చువేయాలో! ఆధార్ కేంద్రానికి రెండు తిరుగుళ్లు, మీసేవకు ఒకటి, మా వరండాకు మూడు.

మీసేవ పేరు వచ్చింది కనుక ఒక మంచి మాట కూడా చెప్పాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం తహసీల్దారు కార్యాలయం ముందు పడిగాపులు పడే రోజులు 2011లో మీసేవ వచ్చాక చాలావరకు పోయాయి; ఆంధ్రలో 2019 తర్వాత సచివాలయాల్లో ఇంకా దగ్గరయ్యాయి. ఈ ధ్రువపత్రాలు దూరవిద్య విద్యార్థికి పనికివచ్చే సందర్భం ఒకటుంది, చాలామందికి తెలియదు కూడా. ఇగ్నోలో కొన్ని కోర్సులకు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఫీజు మినహాయింపు ఉంటుంది. దరఖాస్తు నాడే కుల ధ్రువపత్రం జతచేసి, మినహాయింపు కోరుతున్నట్టు గడిలో గుర్తు పెట్టాలి. ముందు ఫీజు కట్టేసి తర్వాత వెనక్కి అడుగుదామనుకోవడం తెలివైన పని కాదు. ఒకేసారి రెండు కోర్సులకు మినహాయింపు కోరితే రెండు దరఖాస్తులూ పోతాయి; ఆశకొద్దీ అలా చేసి సంవత్సరం పోగొట్టుకున్న అన్నదమ్ములు నాకు తెలుసు. సహాయం కాగితం ఎంత సులువుగా ఉండవచ్చో తెలియాలంటే ఈ పద్ధతిని చూడాలి: ప్రవేశం దరఖాస్తే సహాయం దరఖాస్తు, ఒక పత్రం, ఒక గడి, హాజరు మాట లేదు, డబ్బు చేతులు మారదు కనుక కాజేయడానికీ ఏమీ లేదు.

దూరవిద్యలో చేరేముందు డీఈబీ పట్టికలో విశ్వవిద్యాలయం, కోర్సు, విద్యాసంవత్సరం మూడూ చూసుకోండి. మధ్యవర్తి చూపించే రంగుల కరపత్రం ఆ పట్టికకు సాటిరాదు. డీఈబీ ఐడీ తీసుకునేటప్పుడు నెట్ సెంటర్ వాడి ఫోన్ నంబరూ, ఈమెయిలూ ఇవ్వనివ్వకండి. మూడేళ్ల తర్వాత పరీక్ష ఫీజు నాడు ఆ నంబరు ఎవరి జేబులో ఉంటుందో తెలియదు. పాస్‌వర్డ్‌ను మెమోల జిరాక్సులు పెట్టుకునే ఫైలు లోపలి అట్ట మీద రాసుకోండి, పెద్దవాళ్లు నవ్వినా సరే.

ఐదు చుక్కల లెక్కన చెప్పమంటే, గుర్తింపు భాగానికి నాలుగు ఇస్తాను. ఐదోది పేర్ల గొడవకు కోత. సహాయం భాగానికి ఒకటి, అదీ ఫీజు మినహాయింపు గడికి. మా అంగన్‌వాడీ టీచర్ మొదటి ఏడాది ఫీజును చీటీ పాట ఎత్తి కట్టింది. రెండో ఏడాది ఫీజు గడువు వచ్చే నెలలో ఉంది.